పోయాడన్న మాట

మా ఆయన జకర్యా గారిది ఎడమచేతి వాటం కాదు. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే పెళ్ళయిన కొత్తలో మా పుట్టింటివాళ్ళంతా అలాగే అనుకున్నారు. బాపట్లలో మా నాన్నకు మంచినీళ్ళ గ్లాసు ఎడమచేత్తో అందించారు. మా నాన్న గ్లాసు వంక చూసి, కొత్త అల్లుడి మొహం వంక చూసి, "దాహం లేదులే బాబూ" అన్నాడు. మా అమ్మ నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి, సంబంధం కుదిర్చిన పాస్టరు గారిని నోటికొచ్చినట్టు తిట్టింది.

చొక్కా బొత్తాలు ఎడమచేత్తో పెట్టుకునేవారు. సూదిలో దారం ఎడమచేత్తో ఎక్కించేవారు. గడ్డం కూడా ఆ చేత్తోనే గీసుకుని, తెగినచోట్ల కాగితం ముక్కలు అంటించుకుని ఆదివారం గుడికి తయారయ్యేవారు. పక్కన నడవడానికి నాకు సిగ్గేసేది. "ఏమండీ, దేవుడిచ్చిన కుడిచెయ్యి ఏం పాపం చేసింది?" అని ఒకసారి అడిగేశాను. "దేవుడు కళ్ళు కూడా రెండిచ్చాడు మణీ" అన్నారాయన. నా పేరు కాంతమణి. ఆయన సగమే పిలిచేవారు.

ఆ మాటకు అర్థం తర్వాత తెలిసింది. కంటి ఆపరేషన్ చేసేవాళ్ళు రోగి తల దగ్గర నిలబడతారు. కుడి కన్నయితే కుడిచేత్తో కోయాలి, ఎడమ కన్నయితే ఎడమచేత్తో కోయాలి. లేకపోతే ముక్కు అడ్డం వస్తుంది. ఎడమ కన్ను పట్టుకొచ్చారని మనిషిని వెనక్కి పంపలేం గదా అనేవారు.

డాక్టరు చదువు అయ్యాక మద్రాసులో కంటి పని నేర్చుకున్నారు. అక్కడ ఆయన గురువు ఒక పెద్ద డాక్టరు. ఏడాది పాటు ఈయన చేత రోగుల రెప్పలు పట్టించాడు తప్ప కత్తి ముట్టనివ్వలేదు. ఈయన ఊరుకోక కసాయి దగ్గర మేక కళ్ళు తెచ్చుకుని, కొయ్యదిమ్మెలో గుంట తొలిచి, ఆ గుంటలో పెట్టి కోసేవారు. ఆ వాసనకు హాస్టల్లో ఎవరూ ఆయనతో గది పంచుకోలేదు. చివరికి కత్తి చేతికి ఇచ్చిన రోజు గురువు చెప్పింది ఒక్కటే. కత్తి కంట్లోకి దిగాక ఆగకూడదు, వెనక్కి తీయకూడదు. వెనక్కి తీస్తే లోపలి నీరు కారిపోతుంది, కన్ను చితికిపోతుంది. ఒక పక్క నుంచి దిగిన కత్తి రెండో పక్క తేలేదాకా ఒకటే కదలిక. రెండోసారి అనేది లేదు.

ఆ అలవాటు ఆయనకు చేతిలోనే ఆగలేదు. అన్నింట్లోనూ అంతే. ఏ మాటైనా బాగా ఆలోచించి ఒక్కసారి చెప్పేవారు. మళ్ళీ చెప్పమంటే చెప్పేవారు కాదు. నాలాంటి వాగుడుకాయకు అలాంటి మొగుడు దొరకడం దేవుడి వేళాకోళమే.

మా మిషన్ వాళ్ళు చిలకలగూడలో చిన్న ఆసుపత్రి పెట్టి ఈయన్ను పిలిచారు. ఆవరణలోనే మాకు ఇల్లిచ్చారు. నేను మిషన్ బడిలో తెలుగు చెప్పేదాన్ని. సికిందరాబాదు వచ్చిన మొదటి వారమే నవ్వులపాలయ్యాను. నర్సు రోసమ్మ ఇక్కడి మనిషి. పొద్దున్నే వచ్చి, "అమ్మా, ధోబీ పోయిండు" అంది. నేను గుండెలు బాదుకుని, "అయ్యో, నిన్న కూడా బాగానే ఉన్నాడే! ఎలా పోయాడు?" అన్నాను. "ఎట్ల పోతడమ్మా, సైకిల్ మీద పోయిండు" అంది రోసమ్మ.

మా వైపు మనిషి ఊరికి వెళతాడు, పొలానికి వెళతాడు. పోయాడంటే పోయినట్టే. ఇక్కడ మనిషి బజారుకూ పోతాడు, బడికీ పోతాడు, మళ్ళీ వస్తాడు. ఆ తేడా నాకు ఆ రోజే తలకెక్కింది. మా ఆయనకు ఎక్కలేదు. తక్లీఫ్, పరేషాన్ లాంటి మాటలు నేర్చుకున్నారు గానీ, ఆ ఒక్క మాట దగ్గర ఆయన నాలుక కోస్తాలోనే ఉండిపోయింది. అప్పుడు దానికీ నవ్వుకున్నాం.

తర్వాత నలభై ఎనిమిది సెప్టెంబరు వచ్చింది. పోలీస్ చర్య అని తర్వాత పేరు పెట్టారు. ఆ వారం మాత్రం అందరం లడాయి అనే అన్నాం. దానికి ముందే బడి మూసేశారు. కోస్తా నుంచి వచ్చిన మా గుడివాళ్ళు సగం మంది పెట్టెలు సర్దుకుని బెజవాడ రైలెక్కారు. నేనూ వెళదామన్నాను. "కట్లు కట్టినవాళ్ళున్నారు" అన్నారు ఈయన. అంతే, మళ్ళీ చెప్పలేదు. నేను పెట్టె సర్దడం మానేశాను.

వంటమనిషి పారిపోవడంతో పేషెంట్ల గంజి, బార్లీ నా నెత్తిన పడ్డాయి. అందువల్ల నాకెప్పుడూ అలవాటు లేని వార్డులో ఆ రోజుల్లో నేనూ తిరిగాను. చూడాల్సినవన్నీ చూశాను.

సైన్యం సరిహద్దు దాటిందని తెలిసిన మూడు నాలుగు రోజులకు వలీ అనే కుర్రవాడు తల్లిని రిక్షాలో తీసుకొచ్చాడు. కార్ఖానా బస్తీలో దర్జీ. మెడలో టేపు తీయడం కూడా మరిచిపోయి వచ్చాడు. తల్లి జైతున్ బీ కన్ను పట్టుకుని వాంతులు చేసుకుంటోంది. కుడి కన్ను ఎప్పుడో పోయింది. సంతలో సూదితో పొర తోస్తానన్నవాడి చేతిలో పెట్టి పోగొట్టుకుంది. మిగిలింది ఎడమ కన్ను. అందులో శుక్లం ముదిరి ముదిరి, లోపల ఒత్తిడి పెరిగి, కన్ను రాయిలా అయింది. "ఇవాళో రేపో తీయకపోతే ఇక ఏం చేసినా లాభం లేదు" అన్నారు మా ఆయన.

"తియ్యండి సారూ" అంది ఆవిడ. "నా కొడుకు దర్జీ పని నేర్చుకున్నది నా కండ్లు మబ్బు పట్టినంక. గీ కుర్తా వాడే కుట్టిండు. అందరు మంచిగున్నదంటరు. నేను చేత్తోటి తడిమి చూసిన గని కండ్లతోటి చూడలె."

వలీ మా ఆయన్ను ప్రశ్నలతో చంపాడు. కత్తి ఎంత సన్నం, ఎంత పొడుగు కోస్తారు, కోసినంక ఏ దారంతో కుడతారు. కుట్లు ఉండవు అనేసరికి నోరు తెరిచాడు. ఆ రోజుల్లో కంటికి కుట్లు వేసేవారు కాదు. గాయం తనంతట తాను అతుక్కోవాలి.

"కుట్టు లేకుంటే ఎట్ల నిలుస్తది సారూ? గల్ల పట్టి గుంజితె ఊసిపోతది గదా!"

"ఊసిపోతుంది. అందుకే మీ అమ్మ వెల్లకిలా కదలకుండా పడుకోవాలి. దగ్గకూడదు, తుమ్మకూడదు, నవ్వకూడదు. అన్నింటికంటే ముందు ఏడవకూడదు. ఏడిస్తే రెప్పలు బిగుస్తాయి, గాయం విచ్చుకుంటుంది, లోపలున్నదంతా బయటికొస్తుంది. ఆ తర్వాత నేను కాదుగదా ఎవరూ ఏం చేయలేరు."

వలీ చెవులు పట్టుకున్నాడు. "మా అమ్మీని నేను ఏడిపియ్య సారూ. నా జిమ్మ, నా పూచీ."

శుక్రవారం పొద్దున ఆపరేషన్ అయింది. కిటికీలకు నల్లకాగితాలు, కరెంటు ఉంటే ఉంది లేకుంటే లేదు. రోసమ్మ బ్యాటరీ లైటు పట్టుకుంది. ఎడమ కన్ను, ఎడమచెయ్యి. ఆయన బయటికొచ్చి నేనిచ్చిన కాఫీ మొత్తం తాగారు. బాగా కుదిరినప్పుడే మొత్తం తాగేవారు.

జైతున్ బీకి రెండు కళ్ళకూ కట్టు కట్టి, తల అటూ ఇటూ కదలకుండా రెండు పక్కలా ఇసుక సంచులు పెట్టారు. వలీ పక్కన కూర్చుని చెంచాతో బార్లీ తాగించాడు. ఆ సాయంత్రమే రేడియోలో లడాయి అయిపోయిందని చెప్పారు. ఆసుపత్రిలో అందరం ఊపిరి పీల్చుకున్నాం. నిజానికి ఊళ్ళల్లో చావులు అప్పుడే షురూ అయ్యాయని మాకెవరికీ తెలియదు.

మర్నాడు వలీ తల్లి చెవి దగ్గర వంగాడు. అక్క బానో మేడ్చల్ దాటినాక ఒక పల్లెలో ఉంటుంది. మొగుడు ఊళ్ళో లేడు, చంటిపిల్లతో ఒక్కతే ఉంది. "తోల్కొని వస్త అమ్మీ. పట్టీ ఇప్పేనాటికి నీ ముంగట నిలబడతా. ముందుగాల నన్నే చూడాలె, డాక్టర్ సాబ్‌ను కాదు."

"పోయి రా బిడ్డా" అందావిడ, పెదవులు మాత్రం కదిలిస్తూ.

సోమవారం నేను గంజి గిన్నెతో వార్డు వరండాలోకి వచ్చేసరికి మెట్ల మీద ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. జైతున్ బీ మరిది, పేరు లాల్. మా ఆయన అతని ఎదుట నిలబడి ఉన్నారు. ఆ నిలబడిన తీరు చూసి నేను గిన్నె కింద పెట్టాను.

వలీ తన అక్క ఉన్న ఊరు చేరనేలేదు. దారిలోనే చంపేశారు. ఎవరు చంపారో ఇప్పటికీ తెలియదు. వీళ్ళని ఒకరన్నారు, వాళ్ళని ఇంకొకరన్నారు. మెడలో టేపు ఉన్న కుర్రవాణ్ణి చంపడానికి ఎవరికి చేతులొచ్చాయో నాకు అర్థం కాదు. ఆ ఊరివాళ్ళే గుర్తుపట్టి, బానోను కూడా ఎక్కించుకుని, శవాన్ని బండి మీద కార్ఖానాకు తెచ్చారు.

"ఇయ్యాల్నే మట్టి చెయ్యాలె సాబ్. ఇంక ఉంచరాదు" అన్నాడు లాల్. "తల్లికి ఆఖరి దీదార్ చేపియ్యకుండ ఎట్ల ఎత్తుకపోదుము? కఫన్ గుడ్డలకెల్లి మొకం చూపిస్తరు సాబ్, అందరికి చూపిస్తరు. తల్లికి చూపియ్యరా? పిలగాని మయ్యత్‌ను గీడికే తెస్త. జెర ఒక్క నిమిషం పట్టీ ఇప్పరాదు?"

"విప్పితే చూస్తుంది" అన్నారు మా ఆయన. "చూస్తే ఏడుస్తుంది. ఏడిస్తే ఆ కన్ను పోతుంది. ఆవిడకి ఇంకో కన్ను లేదు."

"మరి చెప్పకుంట ఉంటే? రేపు నాకెందుకు చెప్పలేదని అడిగితే మేమేం చెప్పాలె?"

చెబితే కన్ను పోతుంది. చెప్పకపోతే కొడుకు మొహం పోతుంది. ఈ రెండింట్లో ఏది పోవాలో తేల్చడం మద్రాసులో ఎవరూ నేర్పలేదు. ఆయనే అన్నారు. "కన్ను ఆవిడది, కొడుకు ఆవిడ కొడుకు. ఏం కావాలో ఆవిడే చెప్పాలి. నేను వెళ్ళి చెబుతాను."

లాల్ తల ఊపాడు. "మీరే చెప్పండి సాబ్. మాతోని కాదు."

మా మామగారు మిషన్ బడి పంతులు. అబద్ధమాడితే అన్నం పెట్టేవారు కాదట. ఆ పెంపకం ఈయనది. లోపలికెళ్ళి ఆపరేషన్‌కు ముందు కడుక్కున్నట్టే మోచేతుల దాకా చేతులు కడుక్కున్నారు. ఎందుకో ఆయనకే తెలియదు. కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నారు. నేను వార్డు గుమ్మంలో నిలబడ్డాను. రోసమ్మ అవతలి మంచం దగ్గర దుప్పటి మడుస్తున్నట్టు నటిస్తోంది.

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. జైతున్ బీ నుదుటి మీద కుడిచెయ్యి వేశారు, అదిరిపడితే పట్టుకోవడానికి. ఎడమచేత్తో ఆవిడ చెయ్యి పట్టుకున్నారు.

"జైతున్ బీ, కదలకుండా వినండి. మీ వలీ పోయాడమ్మా."

ఆవిడ పెదవులు కొంచెం విచ్చుకున్నాయి. నవ్వకూడదన్నారు కాబట్టి ఆ మాత్రం నవ్వింది.

"పోయిండు సారూ. నాకు చెప్పే పోయిండు. అక్కను తోల్కొని వస్తనన్నడు. నువ్వు ఫికర్ చెయ్యకు, పట్టీ ఇప్పేనాటికి వచ్చేస్తడు."

మా ఆయన నోరు తెరిచారు. మూశారు. మళ్ళీ తెరిచారు. ఆవిడ మాట్లాడకూడదు గానీ చిన్నగా మాట్లాడుతూనే ఉంది. ముందుగా వాడి మొహం చూస్తుందట, తర్వాత ఈ కుర్తా కుట్టు చూస్తుందట. "మొకం మబ్బుల మబ్బుల ఎర్కనే గని, మీసాలు వచ్చినంక ఎట్లున్నడో నేను చూడలె సారూ."

చెప్పిన మాట నిజమే. వినపడింది మాత్రం వేరే. ఆ రెంటి మధ్య చిక్కుకుని ఆయన మొహం చూస్తుంటే నాకు పరుగెత్తి వెళ్ళి పట్టుకోవాలనిపించింది. రోసమ్మ దుప్పటిలో మొహం దాచుకుంది. ఆయన, "పడుకోండమ్మా" అని లేచి వచ్చేశారు.

జరిగింది ఉన్నదున్నట్టు లాల్‌తో చెప్పారు. లాల్ విని, ఇంకోసారి వెళ్ళి చెప్పమని అడగలేదు. "ఇగ నేను సుత చెప్పలేను సాబ్. గామె గిట్ల సంబరంగ ఉన్నప్పుడు..." అని ఆపేశాడు. లేచి తువ్వాలు దులుపుకుని, "గామె వాణ్ణి చూడకుంటే చూడకపాయె. వాడన్న గామె పక్కకెల్లి పోతడు. మయ్యత్‌ను మీ వార్డు ముందలకెల్లి తీస్కపోతం. నోరు మెదపం. గంతకు మాత్రం కాదనకండి" అన్నాడు. ఖబ్రస్తాన్‌కు దారి అటు కాదు. అయినా ఈయన కాదనలేకపోయారు.

మధ్యాహ్నం దాటాక వచ్చారు. కర్ఫ్యూకు భయపడి పదిమంది కూడా లేరు. వార్డు కిటికీ ముందు ఒక్క క్షణం ఆగారు. అందరూ పళ్ళు బిగబట్టుకున్నారు. వాళ్ళలో ఒక ముసలాయనకు మాత్రం అలవాటు ఆగలేదు. భుజం మార్చుకుంటూ పైకే కలిమా చదివాడు.

లోపల జైతున్ బీ ఉలిక్కిపడింది. "రోసమ్మా, ఎవరిదో మయ్యత్ పోతున్నట్టుంది. నన్ను జెర లేపు. మయ్యత్ పోతుంటే పండుకోరాదు."

మా ఆయన నాలుగంగల్లో మంచం దగ్గర ఉన్నారు. రెండు చేతులతో ఆవిడ తల అదిమి పట్టుకున్నారు. "లేవకూడదమ్మా. లేవకూడదు."

"ఎవరు సారూ?"

ఆవిడ పడుకునే ఉండి, రెండు చేతులూ కొంచెం పైకెత్తి, పోయినవాడి కోసం తనకొచ్చిన దువా చదివింది. చదివాక, "ఎవరి కొడుకో పాపం. వాళ్ళమ్మ ఎట్లున్నదో" అంది. కిటికీ అవతల అడుగుల చప్పుడు సందు మలుపు తిరిగి వినపడకుండా పోయింది. అప్పటిదాకా ఆయన ఆవిడ తల వదల్లేదు.

ఆ సాయంత్రం నేను ఆయన మీద పడ్డాను. నాకు ఏడుపొస్తే కోపంగా బయటికొస్తుంది. "ఇంకొక్కసారి చెప్పలేకపోయారా? చనిపోయాడు అనే మాట లేదా? చచ్చిపోయాడు అనే మాట లేదా? పసిపిల్లలకు కూడా తెలిసిన మాటలు. అంత చదువూ చదివి ఒక్క మాట మార్చి చెప్పడం చేతకాలేదా?"

"చెప్పాను మణీ" అన్నారు. "ఉన్న ధైర్యమంతా పెట్టి ఒక్కసారి చెప్పాను. రెండోసారికి మిగల్లేదు."

ఆ జవాబు నాకు ఏమాత్రం నచ్చలేదు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి, వేరే ఏ గొడవ వచ్చినా చివరికి అక్కడికే తెచ్చి దెప్పేదాన్ని.

కట్టు విప్పేరోజు దాకా ఆ వార్డులో మేం పడ్డ నరకం ఇంతా అంతా కాదు. బానో గొంతు వింటే పసిగడుతుందని ఆ పిల్లను గేటు దగ్గరే ఆపాల్సి వచ్చింది. "అక్కాతమ్ముళ్ళు ఇంక రాలేదా?" అని ఆవిడ పూటపూటకూ అడిగేది. రోడ్లు బందున్నాయని రోసమ్మ చెప్పేది. ఆ పది రోజుల్లో రోసమ్మ ఆడిన అబద్ధాలు దేవుడు లెక్కలో వేసుకోడనే నా నమ్మకం.

కట్టు విప్పారు. గాయం చక్కగా అతుక్కుంది, నలుసంత మచ్చ లేదు. ఇంకా కళ్ళద్దాలు లేవు కాబట్టి అన్నీ అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి, అయినా మనుషుల్ని పోల్చుకోవచ్చు. జైతున్ బీ వెలుతురుకు రెప్పలు కొట్టుకుని, ఒక్కొక్కళ్ళనే చూసింది. తెల్లకోటు డాక్టరు, రోసమ్మ, గడ్డం ఉన్న మరిది, గోడకు ఆనుకుని నేను.

"వలీ ఏడి?"

ఈసారి మా ఆయన మోకాళ్ళ మీద కూర్చున్నారు. "చనిపోయాడమ్మా."

ఆవిడ ఆయన మొహం వంకే చూస్తూ ఉంది. "ఆనాటి మయ్యత్..." అంది.

"అవును."

"మీరు చెప్పిన్రు గదా సారూ. ఆనాడే పోయిండని చెప్పిన్రు. నాకే సమజ్ కాలె." తప్పు తన మీదే వేసుకుంది. ఆ మాటకు ఆయన తల వంగిపోయింది. తిట్టి ఉంటే, చెంప మీద కొట్టి ఉంటే ఆయనకు ఎంత మేలయ్యేదో. అప్పుడు ఆవిడ ఆయన చెయ్యి తట్టి అడిగింది. "ఇగ ఏడ్వొచ్చునా సారూ?"

"ఏడవచ్చమ్మా" అన్నారు.

నెల దాటాక కళ్ళద్దాలు తయారయ్యాయి. శుక్లం తీసిన కంటికి సీసా అడుగంత మందం అద్దం ఉండాలి, అప్పుడే చూపు నిలుస్తుంది. ఆవిడ ఆసుపత్రికి రాలేదు. మేమే కార్ఖానా వెళ్ళాం. బానో చాప వేసింది. ఆయన అద్దాలు తుడిచి తన చేత్తోనే ఆవిడకు పెట్టారు. ఆవిడ కాసేపు తన చేతులు చూసుకుంది. లోపలికెళ్ళి ఆ కుర్తా తెచ్చుకుని, దాని చేతి అంచు తిరగేసి, కుట్టు వెంట వేలు నడిపించింది.

"గింత సన్నగ కుడ్తడని నాకెర్కలేదు" అంది. అంతకు మించి వాణ్ణి చూసుకోవడానికి ఆ ఇంట్లో ఏమీ లేదు. ఒక ఫోటో కూడా లేదు.

మా ఆయన ఉండబట్టలేక అడిగారు. "ఆ రోజు మీకు అర్థమయ్యేలా చెప్పి ఉంటే ఏం చేసేవారు?"

"చూస్తుంటి సారూ. ఏడ్వకుంట చూస్తుంటి. ఏడుపు ఆపుకునుడు నాకు కొత్తనా? వాని మొకం చూసి, మల్ల పట్టీ కట్టిపిచ్చుకొని పండుకుంటుంటి."

ఆపుకోగలిగేదో లేదో నాకు తెలియదు. కన్నతల్లి అలా ఆపుకోగలదంటే డాక్టర్లెవరూ ఒప్పుకోరు. మా ఆయనా ఒప్పుకోలేదు. కాదనడానికీ ఆయనకు నోరు రాలేదు.

అప్పటినుంచి ఒక అలవాటు పట్టుకుంది. ఆపరేషన్‌కు ముందు ప్రతి మనిషినీ, "కట్టు కట్టాక మీ ఇంట్లో ఏదైనా జరగరానిది జరిగితే మీకు చెప్పమంటారా, వద్దంటారా?" అని అడిగేవారు. అడిగితే ఎవరు మాత్రం హడలిపోరు? "ఏందీ సారూ, గిట్లంటరు?" అని చాపలు చుట్టుకుని వేరే డాక్టరు దగ్గరికి వెళ్ళినవాళ్ళున్నారు. "మీరు అడిగే తీరుకి మంచి కళ్ళు కూడా పోతాయి" అని నేను వెక్కిరించేదాన్ని. ఆయన మాత్రం మానలేదు. కంటికి కుట్లు వేసే రోజులొచ్చాయి, మర్నాడే లేచి తిరిగే రోజులొచ్చాయి. అయినా అడుగుతూనే ఉన్నారు, పని మానేసే దాకా.

పని మానేశాక పద్మారావు నగర్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నాం. ఆయన అక్కడే పోయారు, ఒక వానాకాలం పొద్దున, కుర్చీలో కూర్చునే, నేను కాఫీ తెచ్చేలోపు.

ఆయన పోయాక కూడా ఊళ్ళ నుంచి పాత పేషెంట్లు వస్తూనే ఉన్నారు. సమాధి కార్యక్రమమై నెల కాలేదు, ఒక ముసలాయన గేటు తీసుకుని వచ్చాడు. సిద్దిపేట దిక్కు నుంచి బస్సులో వచ్చాడట. ఎండకు కన్ను మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"డాక్టర్ సాబ్ ఉన్నరా అమ్మా?"

"లేరు బాబూ. ఆయన పోయారు."

"అట్లనా? పర్వలే తియ్యమ్మా, కూసుంట. మల్ల ఎప్పుడొస్తరు?"

చెప్పులు విడిచి, సంచి పక్కన పెట్టుకుని, అరుగు మీద స్థిమితంగా కూర్చున్నాడు. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. చనిపోయారు అనే మాట ఉంది. ముప్ఫై ఏళ్ళు బడిపిల్లలకు తెలుగు చెప్పినదాన్ని, నాకా మాట వచ్చు. ఇంకొక్కసారి చెప్పడం ఎంతసేపు! నోరు తెరిచాను.

"ఉండండి, మంచినీళ్ళు తెస్తాను" అని లోపలికి వచ్చేశాను. వంటింట్లో గ్లాసు నిండి నా చేతి మీద నుంచి పొర్లిపోతోంది. ఆయన్ను అన్నన్ని మాటలన్నాను. బయట ముసలాయన ఎదురుచూస్తున్నాడు.